ఆవిరి పడని ఇల్లు

ఆయా పిండిని పిడికిట్లో పట్టి నొక్కి చూసింది. ముద్ద నిలిచింది గానీ, బొటనవేలు తగలగానే అంచు రాలిపోయింది. ఇంకో పిచికారీ కావాలి. సీసా అందుకుని పైపైన నీళ్ళు చల్లి, బుస్సుమని పొంగేలోపు రెండు చేతులా గబగబా కలిపేసింది. ఒక్క చుక్క ఎక్కువైతే బేసిన్‌లోనే పొంగిపోతుంది. తక్కువైతే అచ్చులోంచి తీసేటప్పుడు విరిగి చేతికొస్తుంది. ఈ రెంటికీ మధ్య ఎక్కడ ఆగాలో ఆమె చేతులకి తెలిసిపోయింది. తెలిసినందుకు ఆమెకేమీ సంతోషంగా లేదు.

ముక్కుకి గుడ్డ కట్టుకుంది. కట్టుకున్నా ఒకటే, కట్టుకోకపోయినా ఒకటే. పుదీనా పువ్వు ఘాటు కళ్ళలోంచి దూరుతుంది. లావెండర్ నాలిక మీద పేరుకుంటుంది. టీ తాగితే లావెండర్. తేన్పు వస్తే యూకలిప్టస్. దిండు మీద తల పెడితే దిండూ అదే కంపు. కంపు అని పైకి అనకూడదు ఆ ఇంట్లో, సువాసన అనాలి. ఆయా అసలేమీ అనకుండా ఊరుకునేది.

వంటసోడా, నిమ్మఉప్పు, మొక్కజొన్న పిండి, పుదీనా పువ్వు, రెండు మూడు రకాల నూనెలు. అంతే సరుకు. అచ్చులో కూరి నొక్కితే గుండ్రటి బిళ్ళ తయారవుతుంది. గొప్పవాళ్ళ ఇళ్ళల్లో షవరు కింద ఓ మూల దీన్ని పెట్టుకుంటారట. నీళ్ళు పడగానే బిళ్ళ నురగ కక్కుతూ కరిగి, దాని వాసన ఆవిరితో పాటు పైకి లేచి, అలసట అంతా తీసేస్తుందట. ఒంటికి రుద్దేది కాదు, మురికి వదిలించేది కాదు. కాళ్ళ దగ్గర పెట్టుకుని పీల్చుకోవడమే. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు ఆయా, "మరి స్నానం ఎప్పుడు చేస్తారు?" అని అడిగింది. అన్నయ్య కోడలు పడీపడీ నవ్వింది. ఆయా నవ్వులాటకి అడగలేదు.

ఆమె బతుకంతా స్నానాలతోనే గడిచింది. ప్రసూతి ఆసుపత్రిలో పుట్టిన పిల్లలకి మొదటి నీళ్ళు పోసే ఆయా. తొట్టె దగ్గర స్టూలు మీద కూర్చుని, మోచెయ్యి ముంచి వేడి చూసుకుని, నెత్తురూ తెల్లటి జిగురూ అంటుకున్న పసిగుడ్డుని ముంజేతి మీద బోర్లా వేసుకునేది. వాళ్ళలో ఎవరూ ఆమెని గుర్తుపెట్టుకోలేదు. వాళ్ళమ్మలూ గుర్తుపెట్టుకోలేదు. ఉద్యోగం అయిపోయాక క్వార్టరు ఖాళీ చేయమంటే, పెట్టె పట్టుకుని అన్నయ్య గుమ్మంలోకి వచ్చింది. పెళ్ళి లేదు, పిల్లలు లేరు. "వచ్చావా, రా" అన్నాడు అన్నయ్య. అంతకుమించి ఏమీ అడగలేదు. వదిన పోయిన ఇల్లు. వీధిలో అందరూ ఆమెని ఆయా అనే పిలిచారు, పేరు అదే మిగిలింది.

అచ్చుల్లోంచి తీసిన బిళ్ళల్ని పళ్ళెంలో పేర్చుకుని ఆయా లోపలి గదిలోకి వెళ్ళింది. ఆ గదిలోనే అన్నయ్య మంచం ఉంది. మంచం కాళ్ళ వైపు ఇనుప అరల స్టాండు, అరల నిండా బిళ్ళలు. ముందు గదిలో జల్లు కొడుతుంది, వంటింట్లో తేమ. ఇంట్లో పొడిగా ఉండేది ఈ గదొక్కటే అని కోడలు స్టాండు ఇక్కడ పెట్టింది. గదికి ఆనుకునే బాత్రూము. అందుకే ఆ ఇంట్లో ఒక కట్టడి వచ్చింది: అరల మీద బిళ్ళలు ఉన్నంతసేపూ వేన్నీళ్ళు పెట్టకూడదు, బాత్రూములో ఆవిరి లేవకూడదు. పచ్చిబిళ్ళకి ఆవిరి తగిలితే ఒళ్ళంతా కురుపులు లేచి ఉబ్బిపోతుంది. ఊళ్ళో వాళ్ళ వేన్నీళ్ళ స్నానాలకి బిళ్ళలు చేసే ఇల్లు చన్నీళ్ళు పోసుకుంటోంది. పైన పటారం, లోన లొటారం.

ముసురు పట్టినప్పటి నుంచీ బిళ్ళలు ఆరడం లేదు. ఒక వాయి ఆరేలోపు ఇంకో వాయి అరల మీదకి వస్తోంది. పక్షవాతంతో ఎడమ పక్క పడిపోయి మంచాన ఉన్న అన్నయ్యకి చన్నీళ్ళు పోయలేరు, వేన్నీళ్ళు పెట్టలేరు. తడిగుడ్డతో తుడవడమే.

"పిన్నిగారూ, నేను అట్టపెట్టెలకి వెళ్ళొస్తా," అంది కోడలు, గొడుగు వెతుక్కుంటూ. "హోటలాయన్ని కూడా దార్లోంచి వెంటపెట్టుకొస్తాను. చూసి నచ్చితే ఇక వాళ్ళ గదులన్నిటికీ మన బిళ్ళలేనట. ఈ అరల్లోవి గట్టిపడితే చాలు."

"ఈ ముసురుకి గట్టిపడతాయా అమ్మాయ్?"

"పడాలి. లేకపోతే నా మొహం ఎక్కడ పెట్టుకోను? స్టవ్ మీద మాత్రం నీళ్ళు పెట్టకండి. టీ ఫ్లాస్కులో పోశాను. మావయ్యగారికి జావ పక్కన గిన్నెలో ఉంది."

చెడ్డపిల్ల కాదు. మేనల్లుడి కంపెనీ మూతపడి, వాడు ఎవరిదో వ్యాను తోలుతూ ఊళ్ళు పట్టుకు తిరుగుతుంటే, ఫోన్లో చూసి ఈ పని నేర్చుకుంది. మొదటి వాయి డబ్బాలో పొంగి మూత ఎగిరి బల్బుకి తగిలింది. బల్బు భళ్ళున పగిలింది. ఆ రోజు ఏడ్చి, మర్నాడు మళ్ళీ మొదలుపెట్టింది. నిమ్మఉప్పుకి ఆయా వేళ్ళు పగిలితే తనే మందు రాసింది. అలాంటి పిల్లని తిట్టుకోవడం కూడా ఆయాకి కుదరడం లేదు. తిట్టుకోలేక మరింత రోత పుడుతోంది.

కోడలు వెళ్ళాక ఆయా బకెట్‌తో నీళ్ళూ గుడ్డా తెచ్చుకుని మంచం దగ్గర కూర్చుంది. దుప్పటి తీసింది. చెమటా, ఉచ్చా, నిల్వ ఒంటి వాసనా కలిసిన ఆవిరి గుప్పుమంది. ఆమెకి అది రోత కాదు. అలాంటివి ఎన్ని చూసింది! కానీ దాని పైన లావెండర్. దాని కింద నుంచి మళ్ళీ లావెండర్. కుళ్ళిన పండుకి పంచదార పూసినట్టు ఆ రెండూ కలిసిపోయాయి. విరిగిన బిళ్ళల్ని ఒక సాసరులో పోసి మంచం కింద పెట్టమని కోడలు చెప్పింది. పెట్టింది మాత్రం ఆయానే. ఇరుగుపొరుగు వస్తే ముక్కు మూసుకోకుండా ఉంటారు కదా అని పెట్టింది. పొమ్మనలేక పొగబెట్టడం అంటే ఏమిటో ఇప్పుడు ఆ సాసరు చూసినప్పుడల్లా తెలుస్తోంది.

అన్నయ్య కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆమె చంక తుడుస్తుంటే మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

మురుగునీళ్ళ పంపుహౌసులో పని చేసిన మనిషి. ఊరంతటి మురికీ అక్కడికి చేరేది. జాలీకి అడ్డం పడ్డ గుడ్డలూ జుట్టూ చచ్చిన పిల్లులూ కొక్కెంతో లాగి పక్కన వేయడం, వాల్వులు తిప్పడం, మోటారు కాపలా. డ్యూటీ దిగి ఇంటికొస్తే గుమ్మం తొక్కేవాడు కాదు. వెనక సందులోంచి వచ్చి, వదిన కాచి పెట్టిన వేన్నీళ్ళు ఒళ్ళు ఎర్రబారేలా పోసుకుని, గోళ్ళ సందుల్లో కూడా రుద్దుకుని, అప్పుడు కొడుకుని ఎత్తుకునేవాడు. ఎంత ఆకలేసినా స్నానం కాకుండా మంచినీళ్ళు కూడా ముట్టేవాడు కాదు. బస్సులో పక్కనెవరైనా జరిగి కూర్చుంటే, స్నానం చేసి ఉన్నా సరే, తన చొక్కా తనే వాసన చూసుకునేవాడు. ఒకసారి చుట్టాలింట్లో ఎవరో "ఏదో వాసనొస్తోందే" అన్నారు. వాళ్ళింట్లో ఎలక చచ్చింది. ఈయన మాత్రం భోజనం మధ్యలో లేచి వచ్చేశాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

"ఏమే," అన్నాడు. మాట కొంచెం ముద్దగా వస్తుంది.

"ఏం అన్నయ్యా? జావ కావాలా?"

"నాకు నేనే కంపు కొడుతున్నానే."

ఆమె గుడ్డ పిండుతూ, "ఏం లేదు. ఆ నూనెల వాసన అది," అంది.

"నాకు చెప్పకు. వాసనల సంగతి నాకు చెప్పకు." ఊపిరి అందక ఆగాడు. "ఎవరొచ్చినా గుమ్మంలోనే నిలబడి మాట్లాడి పోతున్నారు. కన్నకొడుకు కూడా. వాణ్ణి అనేదేముంది? నేనైనా అంతే. ఈ కంపుతో పోతానేమోనని..."

కంటి కొస నుంచి నీళ్ళు చెవిలోకి జారాయి. కుడిచేత్తో తుడుచుకోబోయి, ఆ చెయ్యి ముక్కు దాకా వచ్చేసరికి అసహ్యంగా దూరం జరిపేశాడు.

"ఒక్కసారి వేన్నీళ్ళు పోయవే. ఒక్క చెంబు పోసినా చాలు."

ఆయా అతని పాదాలు చూసింది. వేళ్ళ చివర్లు నీలంగా ఉన్నాయి. నిన్న ఇలా లేవు. అరికాలు పట్టుకుంటే చల్లగా, బరువుగా ఉంది. ఆసుపత్రిలో పక్క వార్డుకి సాయం వెళ్ళినప్పుడు ఇలాంటి పాదాలు చూసింది. వాటి తర్వాత ఎక్కువ టైము ఉండదు.

అరల వైపు చూసింది. ఇంకా చెమ్మగా మెరుస్తున్న బిళ్ళలు. కోడలి కష్టమంతా అక్కడే ఉంది, దాంట్లో సగం తన వేళ్ళదే. స్టాండు ముందు గదిలోకి లాగుదామని చూసింది. ద్వారంలో పట్టలేదు. ఒక పళ్ళెం తీసుకెళ్ళి ముందు గదిలో పెట్టింది. జల్లు తుంపర్లకి పై వరస అప్పుడే బుడబుడమంది. ప్లాస్టిక్ కవరు కప్పితే లోపలి చెమ్మ లోపలే ఉండి అలాగే పొంగుతుంది. మళ్ళీ తెచ్చి అరలో పెట్టేసింది. ఈ ఇంట్లో తను ఉంటున్నది అన్నయ్య వల్ల. అన్నయ్య పోయాక కోడలి దయ. ఆ దయకి ఇవాళ తన చేత్తోనే ఆవిరి పట్టించబోతోంది. ఇదంతా ఆమెకి స్పష్టంగానే తెలుసు.

"ఉండు," అంది. "నీళ్ళు కాస్తాను."

అన్నయ్య కళ్ళు తెరిచాడు. "మరి ఆ బిళ్ళలో?"

"వాటి పిండాకూడు," అంది ఆయా. వంటింట్లోకి వెళ్ళి ఉన్నవాటిలో పెద్ద గిన్నె స్టవ్ మీద పెట్టింది.

నీళ్ళు మరిగాయి. రెండు బకెట్లలో పోసి చన్నీళ్ళు కలిపి, మోచెయ్యి ముంచి చూసి, ఇంకొంచెం వేడి కలిపింది. ఆయనకి వేడి ఎక్కువే కావాలి. ముందు గదిలోంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి బాత్రూములో వేసింది. అన్నయ్య చంకల కింద చేతులు వేసి లేపింది. అంత పొడుగు మనిషీ తేలిగ్గా వచ్చేశాడు. అలా వచ్చినందుకు ఆమెకి భయం వేసింది. సగం మోసి, సగం ఈడ్చి, తూలి గోడకి భుజం కొట్టుకుని, చివరికి కుర్చీలో కూలేసింది. ఇద్దరూ రొప్పుతూ కాసేపు ఒకరినొకరు చూసుకున్నారు.

"పసిపిల్లలు నయం కదే నీకు," అన్నాడు.

"వాళ్ళు ఇన్ని కబుర్లు చెప్పరు."

మొదటి చెంబు పాదాల మీద పోసింది. ఆసుపత్రిలోనూ అంతే, ముందు కాళ్ళకి వేడి తెలియాలి. తర్వాత మోకాళ్ళు, పొట్ట, భుజాలు. అన్నయ్య నోరు తెరుచుకుని "ఆఁ" అన్నాడు. పాత తువ్వాలు ముక్క చేతికి చుట్టుకుని, బట్టల సబ్బు తీసుకుని రుద్దింది. వాసన లేనిది ఇంట్లో అదొక్కటే. మట్టి ఉండలు ఉండలుగా లేచింది. మెడ మడతల్లోంచి, మోచేతుల మీంచి, చెవుల వెనకనుంచి. నడుం మీద పుండు చుట్టూ వేలి కొసలతో కడిగింది. పడిపోయిన ఎడమ చేతి పిడికిలి విప్పితే లోపల తెల్లగా నానిన చర్మం, పుల్లటి కంపు. ఒక్కో వేలూ విడదీసి కడిగింది. మొలగుడ్డ తీసి కడుగుతుంటే అన్నయ్య కళ్ళు మూసుకున్నాడు. "సిగ్గెందుకు, నాకు కొత్తా?" అంది ఆమె. ఆమెకి నిజంగానే ఎక్కడా రోత కలగలేదు. ముక్కుకి కట్టుకున్న గుడ్డ ఎప్పుడు తీసి పారేసిందో కూడా గుర్తులేదు.

తల మీద పోసేముందు ఎడం చేత్తో మెడ కింద పట్టుకుని, బొటనవేలూ నడిమివేలూ చాచి రెండు చెవులూ అందినంత మూసింది. నీళ్ళు చెవుల్లోకి పోకుండా పిల్లల్ని అలాగే పట్టుకునేది. ఆ పెద్ద తల ఆమె అరచేతిలో బరువుగా ఆనింది.

బాత్రూము నిండా ఆవిరి. తలుపు దగ్గరికి వేసినా సందుల్లోంచి గదిలోకి పాకింది. అరల మీద నుంచి చిటచిటమని చిన్న చప్పుడు మొదలైంది. ఒక బిళ్ళ, దాని పక్కది, కింద అర. లావెండర్ గుప్పున లేచింది.

"పోయాయా?" అన్నాడు అన్నయ్య.

"పోతున్నాయి."

"ఇంకో చెంబు పొయ్యి మరి. ఎలాగూ పోయాయిగా."

ఆమెకి నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది, కుడివైపు పెదవి మాత్రం కదిలింది. రెండో బకెట్ పూర్తిగా ఖాళీ అయ్యేదాకా పోసింది.

తుడిచి, ఉతికిన చొక్కా తొడిగి, పరుపు మీద కొత్త దుప్పటి వేసి పడుకోబెట్టింది. చర్మం ఎర్రగా, మెత్తగా ఉంది. అన్నయ్య కుడిచెయ్యి ముక్కు దగ్గరికి తెచ్చుకుని, మెల్లిగా వాసన చూసుకున్నాడు. అరచేయి చూసుకున్నాడు, వెనక్కి తిప్పి చూసుకున్నాడు. ఆ చెయ్యి అలాగే చెంప కింద పెట్టుకుని పక్కకి ఒత్తిగిల్లాడు. ఆయా జావ వేడి చేసి తెచ్చేసరికి నిద్రపోతున్నాడు. గిన్నె పట్టుకుని కాసేపు కూర్చుంది. గురక సన్నబడింది, ఆగింది, ఒకసారి మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత అరల మీది చిటచిట ఒకటే వినబడింది.

ఆమె జావ గిన్నె కింద పెట్టి, తెరుచుకుపోయిన అతని నోరు మూసి, గడ్డం కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. నీళ్ళే ప్రాణం తీశాయని రేపు ఎవరైనా అనొచ్చు. అననీ అనుకుంది.

వీధి తలుపు తెరుచుకుంది. ముందుగా హోటలాయన గొంతు వినబడింది. గుమ్మంలో గొడుగు దులుపుతూ గుండెల నిండా గాలి పీల్చాడు.

"అబ్బ! ఇల్లంతా ఎంత బాగుంది మేడమ్! ఇలా అడుగు పెట్టానో లేదో, తలనొప్పి ఎగిరిపోయింది."

కోడలు మొహం పాలిపోయింది. బిళ్ళలు బాగుంటే బయటికి ఇంత వాసన రాదని ఆమెకి తెలుసు. పెట్టెలు కింద పడేసి లోపలికి పరిగెత్తుకొచ్చింది. అరల మీద బిళ్ళలు ఒకదాన్నొకటి ఒరుసుకుని, బుడిపెలు లేచి, పళ్ళేల అంచుల్లోంచి పొర్లి కింద పడుతున్నాయి.

"ఎవరు పెట్టారు నీళ్ళు? పిన్నిగారూ! చెప్పానా, లేదా? చిలక్కి చెప్పినట్టు చెప్పానే!"

"నేనే పెట్టాను," అంది ఆయా. "అన్నయ్యకి స్నానం చేయించాను." ఆగి, "పోయాడు," అంది.

హోటలాయన కోడలి భుజం మీదుగా తొంగి చూశాడు. మంచం మీది మనిషిని చూసి అర్థమయ్యాక, జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. ఇందాక గుండెల నిండా పీల్చిన గాలే అది. "అయ్యో, సారీ అండీ, మళ్ళీ వస్తాను," అంటూ వెనక్కి నడిచాడు. ఆ రుమాలు చూడగానే ఆయాకి పొద్దుటి నుంచీ లేనంత రోత పుట్టి, తుప్పున ఊసింది.

కోడలు మంచం అంచు మీద కూర్చుంది. మావయ్య పాదం మీద చెయ్యి వేసింది. నీళ్ళ వేడి ఇంకా ఉంది.

"నన్నడిగితే వద్దనేదాన్నా పిన్నిగారూ?"

"అనేదానివి."

కోడలు ఏడ్చి, చేత్తో మొహం తుడుచుకుంది. "అనేదాన్నే," అంది చివరికి.

తర్వాత వంగి మంచం కింద సాసరు లాగి, కిటికీ తెరిచి, బిళ్ళల్ని వానలోకి విసిరేసింది. కిటికీ అలాగే తెరిచి ఉంచింది. వెనక్కి వచ్చి, ముసలాయన తల మీదకి వంగి వాసన చూసింది.

"ఏ వాసనా లేదు," అంది.

మేనల్లుడికి ఫోన్ చేశారు. చుట్టుపక్కల వాళ్ళు వచ్చారు, ఈసారి మంచం దాకా వచ్చారు. పక్కింటావిడ కొంగు దోపుకుంటూ, "నీళ్ళు కాస్తారా? స్నానం చేయించాలి కదా," అంది.

"అయిపోయిందండీ," అంది కోడలు. "మా పిన్నిగారు చేయించేశారు."

ఆయనని ముందు గదిలోకి తీసుకెళ్ళాక లోపలి గది ఖాళీ అయింది. బాత్రూములో ప్లాస్టిక్ కుర్చీ తీసేవాళ్ళు లేక అలాగే ఉండిపోయింది. కూర్చునే చోట కొంచెం లోతుగా వంగి ఉన్న ఆ గుంటలో, గుక్కెడు సబ్బునీళ్ళు నిలిచి ఉన్నాయి.